తుపాకీకీ ఉండాలి ఒక ఫిట్‌నెస్ కాగితం

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో బాయిలర్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. అక్కడ పది కేజీల ప్రెషర్ మీద నడిచే బాయిలర్‌నైనా ఇన్‌స్పెక్టర్ చూసి సర్టిఫికెట్ ఇవ్వనిదే వెలిగించకూడదు. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చినా ఆ కట్టుబాటు పోలేదు. రైఫిల్ చాంబర్‌లో తూటా పేలిన క్షణాన పుట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు రెండు మూడు వేల కేజీలు. దానికి జానెడు వెనక మనిషి కన్ను ఉంటుంది. అయినా ఆ తుపాకీ భద్రంగా ఉందన్న కాగితం లైసెన్సు రెన్యువల్‌కు ఎవరూ అడగరు. మన లైసెన్సు పద్ధతి మనిషిని నాలుగు వైపుల నుంచీ చూస్తుంది గానీ ఇనుము జోలికి పోదు.

మా నాన్న రైఫిల్ నా పేరు మీదికి మారినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. జహీరాబాద్ వైపు మాకు చెరకు తోట ఉండేది. అడవి పందుల బెడద పడలేక ఎప్పుడో తీసుకున్న .315 బోర్ రైఫిల్ అది, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారీ. లోపలి బోల్టూ మెకానిజమూ బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాయే. సైన్యం వాడే .303 తూటా జనం చేతుల్లో పడకూడదని బోర్ మాత్రం వేరే పెట్టారు. ఉత్తరాది పల్లెల నుంచి మన తండాల దాకా పంట కాపలాకు లైసెన్సు ఇచ్చిన రైఫిళ్లలో ఈ రకం చాలానే కనిపిస్తుంది.

నాన్న పోయాక వారసుడిగా దరఖాస్తు పెట్టాను. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, ట్రైనింగ్ కాగితం, కలెక్టరేట్‌లో ఫైలు, చివరికి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు. తుపాకీ చూపించమన్నప్పుడు చూసింది దాని మీది నంబరే. గొట్టంలోకి లైటు వేసినవాళ్లు లేరు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. అంటే ఆ నంబరు చూసే సందర్భం కూడా ఇంకాస్త దూరం జరిగింది.

సరే, మనమే ఎవరికైనా చూపిద్దాం అనుకున్నా. మాది సంగారెడ్డి జిల్లా కంది. కూతవేటు దూరంలో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. 1984లో శంకుస్థాపన జరిగింది, సైన్యానికి ‘సారథ్’ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతాయి. ఊళ్లోనే ఐఐటీ. అది కూడా 2008లో మొదలైంది ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే. పటాన్‌చెరు, పాశమైలారం ఇండస్ట్రియల్ ఏరియాల్లో మైక్రాన్ తేడా పట్టే టూల్‌రూములు. ఇంత ఇనుము విద్య ఉన్న బెల్ట్‌లో పాత రైఫిల్‌ను చట్టబద్ధంగా విప్పి చూసే మనిషి నాకు దొరకలేదు. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మనలాంటివాళ్ల తుపాకులు చూసే చోటు కాదు. 2021లో ఆర్డినెన్స్ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఎద్దుమైలారం ఆవడి కంపెనీ కిందికి, ఇషాపూర్ కాన్పూర్ కంపెనీ కిందికి పోయాయి, కాబట్టి నా రైఫిల్ చేసిన ఫ్యాక్టరీతో దానికి ఇప్పుడు ఆ చుట్టరికమూ లేదు.

లేత్ మెషీన్ పెట్టుకున్న దోస్తు ఒకడు, “తీస్కరా అన్నా, ఏం బ్రహ్మవిద్య, ఒక పూటల చేసిస్త” అన్నాడు. చేయి తిరిగినవాడే, సందేహం లేదు. కానీ ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరుకూ, టెస్టుకూ కూడా లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, పెరిగితే యావజ్జీవం. కందిలో జైలు కూడా ఉంది కాబట్టి వాణ్ని చూడ్డానికి దూరం పోయే పని లేదు గానీ, నా గొట్టం కోసం వాడి కాపురం ఎందుకు కూల్చాలి?

ఇక మిగిలింది పట్నం. మొదట వెళ్లిన దుకాణంలో కౌంటర్ మీదాయన చెక్క నిమిరి, “పాలిష్ కొట్టి, నల్ల రంగు ఎక్కిస్తే కొత్తదైపోతుంది” అంటూ రేటు చెప్పాడు. బోల్టు తెరవను కూడా తెరవలేదు. దండం పెట్టి బయటికొచ్చాను.

రెండో చోట ఒక పెద్దాయన. ముందు లైసెన్సు అడిగాడు. నంబరు సరిచూసి రిజిస్టర్‌లో రాశాడు. ఆ తర్వాతే తుపాకీ ముట్టుకున్నాడు. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లోకి చిటికెన వేలు పెట్టి ఖాళీయేనని తేల్చుకున్నాడు. బోల్టు బయటికి తీసి గొట్టంలోంచి లైటు చూశాడు. కడ్డీకి నూనె గుడ్డ చుట్టి తోస్తే అది ఇటుకపొడి రంగులో వచ్చింది. పాత తూటాల క్యాప్ మందు కాలాక ఒక ఉప్పు మిగులుతుందట, అది గాలిలో తేమను లాగి గొట్టాన్ని తినేస్తుందట. “కిరసనాయిలు తుడిస్తే అది పోదు సాబ్, వేడినీళ్లు పోయాలె” అన్నాడు. నాన్న జీవితమంతా తుడిచింది కిరసనాయిలుతోనే.

తర్వాత బోల్టు పిడి మొదట్లో ఉన్న నంబరు, రైఫిల్ ఒంటి మీది నంబరు పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. రెండూ వేరు. ఎప్పుడో, ఎక్కడో బోల్టు మారిపోయింది. “ఖాళీ కేసులున్నయా?” అని అడిగాడు. డబ్బాలో ఉన్నవి ఇచ్చాను. ఒకదాని అడుగుకు కాస్త పైన గోరు పెట్టి తిప్పాడు, అక్కడ చుట్టూ మెరిసే గీత. లోపలికి కొన వంచిన తీగ పోనిచ్చి నా చేతికిచ్చాడు. ఆ గీత దగ్గరే కొనకు పల్లం తగిలింది. బోల్టుకూ కేసుకూ మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ సందు ఉంటే, పేలినప్పుడు ఇత్తడి అక్కడ సాగుతుంది. సాగి సాగి ఒకనాడు తెగుతుంది, ఆ గ్యాసు కాల్చేవాడి మొహం మీదికి తన్నుతుంది. గేజ్ పెట్టి చూసి, ఆ సందు ఎక్కువే ఉందని తేల్చాడు. “ఫైర్ చేయకుండ్రి సాబ్” అని, అదే మాట రసీదు మీద కూడా రాసిచ్చాడు.

నమ్మదగిన పనివాడి గుర్తులు నాకు ఆ రసీదులో కనిపించాయి. లైసెన్సు చూడకుండా ముట్టుకోడు, చాంబర్ చూడకుండా మాట్లాడడు, నంబర్లు అరిగిపోయేలా పాలిష్ చేయడు. కాల్చొద్దని చెబితే తనకు వచ్చే రిపేరు డబ్బు పోతుందని తెలిసినా చెబుతాడు. అటువంటి మనిషి దొరకడం ఇప్పుడు అదృష్టం మీద ఆధారపడి ఉంది. ప్రాణం సంగతి అదృష్టానికి వదిలేయడం మీదే నా అభ్యంతరం.

ఇంగ్లండులో తుపాకులను పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఉంది. ప్రూఫ్ పరీక్ష చెల్లని తుపాకీని అమ్మడం అక్కడ నేరం, అది పాతదైనా సరే. మనకు అంత పెద్ద ఏర్పాటు వెంటనే రానక్కర్లేదు, చేతిలో ఉన్నదాంతోనే మొదలుపెట్టొచ్చు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీసులకు అప్పగిస్తాం. అవి వారాల తరబడి తాళం వేసిన గదిలో ఊరికే పడి ఉంటాయి. పోలీసు శాఖలో ఆర్మోరర్లున్నారు, రోజూ ఇదే పని చేసేవాళ్లు. ఆ వారాల్లో ఒక్కో తుపాకీని విప్పి, గొట్టం చూసి, గేజ్ పెట్టి, పనికొస్తుందో లేదో రసీదు వెనక రాసిస్తే సరిపోతుంది. కావాలంటే ఫీజు తీసుకోండి, ఇస్తాం.

రెండోది, రిటైరైన పోలీసు ఆర్మోరర్లకూ, రైఫిల్ ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చినవాళ్లకూ కేవలం పరీక్ష కోసం ఒక లైసెన్సు ఇవ్వాలి. వాళ్లకు లేత్ ఉండదు, విడిభాగాలు ఉండవు. గేజులు, లైటు, రిజిస్టర్, అంతే.

తుపాకీ పని తెలిసినవాళ్లకు లైసెన్సులు పెంచితే దొంగ తుపాకులు పెరుగుతాయని ఒక భయం ఉంది. బిహార్‌లోని ముంగేర్ పేరు వెంటనే చెబుతారు. నిజమే, అక్కడ లైసెన్సు ఉన్న కార్ఖానాలూ ఉన్నాయి, దొంగ తయారీకీ ఆ ఊరు పేరు మోసింది. కానీ కార్ఖానాల్లో పని తగ్గిపోయి, విద్య చేతిలో మిగిలిపోయిన కార్మికుల్లో కొందరు ఆ దారి పట్టారన్నది కూడా ముంగేర్ కథలో భాగమే. తెలిసిన చేతికి చట్టబద్ధమైన పని చూపించడం భద్రతకు అడ్డు రాదు. పైగా గేజ్‌తో తుపాకీ తయారు కాదు.

2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత, తనిఖీ ఎందుకో ఈ బెల్ట్‌లో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఒప్పుకోని నిర్లక్ష్యాన్ని చెరకు తోట గట్టు మీద ఎందుకు ఒప్పుకోవాలి? వచ్చే ఎన్నికల డిపాజిట్ల నాటికి సంగారెడ్డి జిల్లాలో ఒక ఆర్మోరర్‌నూ, ఒక గేజ్ సెట్‌నూ తుపాకులు దాచే గదిలో కూర్చోబెట్టమని కలెక్టర్‌కూ ఎస్పీకీ నా విన్నపం. మొదట పరీక్షించాల్సిన రైఫిల్ నేనే తెస్తాను. అందులో ఏ లోపాలు పట్టుకోవాలో ముందే రసీదు మీద ఉంది, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో అక్కడే తేలుతుంది.