పెద్దల ఆరోగ్యం - పిన్నల బాధ్యత

“పర్‌హేజ్ ఇలాజ్ సే బెహ్‌తర్ హై” అని ఉర్దూలో ఒక నానుడి ఉన్నది. చికిత్స కంటె ముందుజాగ్రత్తయే మేలని దాని భావం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదని తెలుగువారు తరతరాలుగా చెప్పుకొంటూనే ఉన్నారు. రెండు భాషలలోనూ ఉన్న ఈ వివేకం మన ఇళ్ళలోని వృద్ధుల విషయంలో మాత్రం ఆచరణకు రావడం లేదు. పెద్దలకు సలాము చేస్తాం, నమస్కరిస్తాం, వారి మాట జవదాటమని గొప్పగా చెప్పుకొంటాం. కాని వారి రక్తపుపోటు ఎంత ఉన్నదో మనలో ఎందరికి తెలుసు?

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై ఏండ్లు నిండినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వార్ధక్యం రోగం కాదు. అయినను, “ఈ వయస్సులో ఇవన్నీ మామూలే” అనే ఒక్క మాటతో వారి బాధలన్నింటినీ మనం తోసివేస్తున్నాము. చిన్న శస్త్రచికిత్సతో తొలగిపోయే కంటి శుక్లాన్ని సైతం విధివ్రాతగా భావించి, గోడ పట్టుకొని నడిచే ముసలివారు ఇప్పటికీ ఉన్నారు.

మా దాదీమా సంగతే చెబుతాను. ఆమెకు ఉర్దూ చక్కగా చదువ వచ్చును. వైద్యుడు వ్రాసి ఇచ్చిన చీటీ మాత్రం ఇంగ్లీషులో ఉన్నది. మాత్రలు ఎన్నాళ్ళు వాడవలెనో ఆమెకు అర్థమయ్యేటట్లు ఎవరూ చెప్పలేదు. “తలనొప్పి పోయింది కదా బేటా, ఇంకా మందెందుకు?” అని నెల తిరగకుండానే మానివేసింది. రక్తపుపోటు చాలమందిలో ఏ బాధా చూపదు. దానిలోని అసలు ప్రమాదం అదే. కొన్నాళ్ళకు పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పడిపోయింది. ఆ చీటీ మా ఇంట్లోనే, నా పుస్తకాల ప్రక్కనే ఉండేది. ఇంగ్లీషు చదువుతున్న నేను ఒక్కనాడైనా దానిని ఆమెకు చదివి వినిపించలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. వృద్ధుల కొరకు జాతీయ విధానం 1999లోను, వారి ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010లోను వచ్చినవి. 2018లో హైదరాబాదు నగరంలో బస్తీ దవాఖానాలు వెలసినవి. ఆ ఏడే తెలంగాణలో ‘కంటి వెలుగు’ శిబిరాలలో ఉచితంగా కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చారు. డెబ్బై ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండ, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించేటట్లు కేంద్రప్రభుత్వం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. మెచ్చదగినదే. అయితే ఆ కార్డు మంచం పట్టి ఆసుపత్రిలో చేరిన తరువాత ఆదుకొనేది. మంచం పట్టకుండా కాపాడేది మన వీధిలోని చిన్న దవాఖానా, మన వంటిల్లు, మన ఓపిక.

కావలసినవి పెద్ద పెద్ద యంత్రాలు కావు. రక్తపుపోటు పలుమార్లు 140/90గాని, అంతకు మించిగాని ఉన్నట్లయితే వైద్యుని చూడవలెను. ఆయన చెప్పనిదే మాత్రలు మానరాదు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది; ఊరగాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని మనకిది కఠినమైన నియమమే, కాని తప్పనిది. స్నానాలగదిలో నేల తడి లేకుండా చూచి, పట్టుకొనుటకు ఒక కడ్డీ, రాత్రివేళ ఒక చిన్న దీపం అమర్చితే ఎన్నో తుంటి ఎముకలు విరగకుండా ఉంటాయి. మధుమేహం ఉన్న పెద్దలు రంజాను ఉపవాసాలకు ముందే వైద్యుని సంప్రదించి మందుల వేళలు మార్చుకొనవలెను.

ఇదంతా వైద్యుల పని, మాకు పరీక్షలు లేవా అని కొందరు మిత్రులు అనవచ్చును. వైద్యుడు రోగిని చూచేది కొద్ది నిమిషాలు. మనం చూచేది రోజంతా. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. కాని నేను చూచిన మందుల చీటీలలో ఉర్దూ లేదు, తెలుగూ లేదు. చట్టం వ్రాసినది చీటీ మీదకు దిగివచ్చేదాకా, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు నేర్చిన మన వంటి విద్యార్థులే ఆ వంతెన కావలెను.

మన కళాశాల జాతీయ సేవా పథకం వాలంటీర్లకు నాదొక మనవి. ఏటా చెట్లు నాటుతున్నాం, వీధులు ఊడుస్తున్నాం; సంతోషమే. ఈ సంవత్సరం చుట్టుప్రక్కల బస్తీలలోని ప్రతి వృద్ధునికి మందుల వేళలను వారు చదువగల లిపిలో పెద్ద అక్షరాలతో వ్రాసి ఇద్దాము. ఉర్దూ వచ్చినవారు ఉర్దూలో, తెలుగు వచ్చినవారు తెలుగులో వ్రాయవచ్చును. చదువురానివారికి సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ చాలును. తోడు లేనివారిని చేయి పట్టుకొని దవాఖానాకు తీసుకొని వెళ్దాము.

మనకు అక్షరాలు దిద్దించిన చేతులవి. ఆ చేతులు పడిపోకముందే మన చదువు వారికి అక్కరకు రావలెను.