గోధుమలును గ్రంథములును

ముద్రిత గ్రంథములకు కాలము చెల్లినదనియు, ఇకమీద సమస్తమును తెరమీదనే చదువుకొనవచ్చుననియు కొందఱు చెప్పుచున్నారు. మా సోదరీమణులలో కొందఱు పాత పుస్తకములను తూకమునకు వేయుచున్నారని వినుచున్నాము. అట్లు చేయుటకు ముందు వారొక వృత్తాంతమును ఆలకింతురుగాక.

1954వ సంవత్సరమున అమెరికాలో పి.యల్. 480 అను చట్టము పుట్టెను. అచ్చటి గోధుమలు అమ్ముడుపోక కొట్లలో పేరుకొనియుండెను. ధాన్యము చాలని దేశములు డాలర్లకు మాఱుగా తమ నాణెములతోనే వానిని కొనునట్లు ఆ చట్టమేర్పఱచెను. 1956లో మన దేశమును ఒడంబడిక చేసికొనెను. మనకు అన్నము దొరకెను. వారికి నిలువ తఱిగెను. ఇందు ధర్మమెంతయో స్వార్థమెంతయో విడదీయుట కష్టము. కాని 1965, 66 సంవత్సరములలో మనకు కఱవు వచ్చినపుడు అధ్యక్షుడు జాన్సను గోధుమలను ఒక్కసారిగా నీయక, నెలనెలకు కొంచెముకొంచెముగా వదలుచుండెను. మనము వ్యవసాయవిధానమును మార్చుకొనవలెననియు, వియత్నాం యుద్ధమును విమర్శింపరాదనియు ఆయన కోరిక. పెట్టిన చేయియే పగ్గమును పట్టినది.

ఆ గోధుమలకు మనమిచ్చిన రూపాయలు ఇచ్చటనే నిలువయుండెను. 1958లో చట్టమును సవరించి, అట్టి సొమ్ముతో పుస్తకములు కొనుటకు తమ కాంగ్రెసు గ్రంథాలయమునకు అనుమతినిచ్చిరి. 1962 మొదలు ఆ గ్రంథాలయమువారు ఢిల్లీలో కార్యాలయము పెట్టి, మన భాషల పుస్తకములను కొని తమ విశ్వవిద్యాలయములకు పంపసాగిరి. వానిలో తెలుగు పుస్తకములును గలవు. రష్యాతో పోటీపడుచున్న ఆ దినములలో పరదేశములను గూర్చి తెలిసికొనుటయు వారికొక బలమే. అయినను వారు మన పుస్తకములను భద్రపఱచిరి. మనము తూకమునకు వేసినదానిని వారు బీరువాలో పెట్టిరన్నచో సిగ్గు ఎవరిది?

ఇక తెర పుస్తకముల మాట. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులేనివారు చేర్చిన ప్రతులని చెప్పి, తాను అమ్మిన జార్జి ఆర్వెల్ నవలలను కొన్నవారి యంత్రములనుండి దూరముననుండియే తుడిచివేసెను. సొమ్ము తిరిగి యిచ్చిరి. పిమ్మట క్షమాపణయు చెప్పిరి. కాని పగ్గమెవరి చేతిలో నున్నదో లోకమునకు తెలిసినది. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలూరక యనలేదు.

తెరను మేము నిందింపము. దూరదేశమున నున్న ఆడపడుచునకు అపురూపమైన పుస్తకమును క్షణములో చూపునది అదియే. కాని కొన్న అచ్చు పుస్తకమును మన బీరువానుండి ఏ దేశమువారును, ఏ వర్తకుడును మాయము చేయజాలరు. కావున ముద్రిత గ్రంథముల భవిష్యత్తు గొప్పవారి దయమీదగాక మన యిండ్లలోని అలమారులమీద నాధారపడియున్నది. తూకమునకు వేయబోవు ప్రతి పుస్తకమును ఒక్కమాఱు విప్పి చూడుడు. మరల అచ్చుగానిదైనచో దాచుడు; ఇంట చోటు లేనిచో ఊరి గ్రంథాలయమున కిండు. ఈ పని చేయుటకు ఒకరి యనుమతి యక్కఱలేదు.