నీడతో పోట్లాట ఎందుకు?

న్యూజెర్సీలో ఇల్లు కొన్న కొత్తలో పెరట్లోని రెడ్ ఓక్ చెట్టును శత్రువులా చూశాను. దాని నీడలో గోంగూర వేస్తే కాడలు సాగాయి తప్ప ఆకు రాలేదు. పచ్చిక రెండుసార్లు వేయిస్తే రెండుసార్లూ పోయింది. పట్టుదలకు పోయి టిల్లర్ అద్దెకు తెచ్చి, చెట్టు చుట్టూ దున్నేశాను. మరుసటి వేసవికి ఆ వైపు కొమ్మలు ఎండాయి. చెట్ల నిపుణుడిని పిలిస్తే, వేళ్లు తెగిపోయాయన్నాడు. చెట్టు వేళ్లలో చాలావరకు పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయని అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది వచ్చిన అమ్మ ఒకటే మాట అంది: "ఒరేయ్, మన ఊళ్లో వేపచెట్టు కింద ఎవరైనా గోంగూర వేస్తారా? మంచం వేసుకుంటారు గానీ!"

కూరగాయల కోసం, పచ్చిక కోసం ఏపుగా ఉన్న చెట్లు కొట్టిస్తున్న మనవాళ్లను చూస్తున్నాను. పడిపోయే ప్రమాదమున్న చెట్టు సంగతి వేరు. ఆరోగ్యంగా ఉన్న చెట్టును కొట్టేస్తే, అంత నీడ మళ్లీ మన జీవితకాలంలో రాదు. మార్చాల్సింది చెట్టును కాదు, మన ఎంపికను.

మొక్కలు కొనే ముందు, చెట్లు పూర్తిగా ఆకులు వేశాక, ఒక సెలవు రోజు గంటగంటకూ ఎండ ఎక్కడ పడుతోందో కాగితం మీద గీసుకోండి. 6 గంటలకు పైగా ఎండ ఉన్నచోటే టమాటా, వంగ, సొర, గోంగూర. మా ఇంట్లో ఆ చోటు డ్రైవ్‌వే పక్కన దొరికింది. 3, 4 గంటల ఎండ ఉంటే పాలకూర, కొత్తిమీర, కుండీలో పుదీనా. అంతకన్నా తక్కువైతే క్రిస్మస్ ఫెర్న్, ఫోమ్‌ఫ్లవర్, పచ్చిక బదులు పెన్సిల్వేనియా సెడ్జ్. ఇవి ఈ నేలకు చెందినవే. హోస్టా అందమైనదే కానీ జింకలకు విందు భోజనం. ఇంగ్లీష్ ఐవీ మాత్రం వద్దు, చెట్టెక్కి కూర్చుంటుంది.

పనిముట్లకూ పెద్ద ఖర్చు లేదు. వేళ్ల మధ్య చిన్న గొయ్యి తీయడానికి సాయిల్ నైఫ్, ఒక ప్రూనర్, ఆకులు లాగే రేక్ చాలు. టిల్లర్ జోలికి పోవద్దు. మొక్కలు చిన్నవే కొనండి, గొయ్యీ చిన్నదే సరిపోతుంది. రాలిన ఆకులను సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెట్టే బదులు, ముక్కలు చేసి 2, 3 అంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం ఆననివ్వకండి.

ఈ వేసవిలో అమ్మ మళ్లీ వచ్చింది. మంచం లేదు గానీ, మధ్యాహ్నాలు ఓక్ కింద మడత కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. చెట్టు ఒకవైపు ఇంకా బోసిగానే ఉంది. అటు చూసినప్పుడల్లా ఆ టిల్లర్ గుర్తొస్తుంది.