గాలి నిలవని ఇడ్లీ

మొన్న ఆదివారం నేను చేసిన ఇడ్లీని అమ్మ ఏమీ అనకుండా తినేసింది. నాకు భయమేసింది అందుకే. భుజానికి ఆపరేషన్ అయ్యాక అమ్మ మా ఫ్లాట్‌లోనే ఉంటోంది. చెయ్యి పైకి లేవదు. "పిండి సంగతి నేను చూసుకుంటాగా" అని గొప్పగా చెప్పి, గ్లాసు మినప్పప్పుకి నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపా. పప్పు రేటు చూసి చేసిన పొదుపు లెండి. తీరా చూస్తే ఇడ్లీ ప్లేట్లో టక్‌మని పడింది.

"సరిగా పులవలేదేమోనే" అన్నా.

"పులిసింది. గాలి నిలవలేదు" అంది అమ్మ.

ఆ మాట పట్టుకుని ఫోన్‌లో వెతికా. ఇడ్లీ అంటే ఆవిరి మీద గట్టిపడిన నురుగేనట! పిండి పులిసేటప్పుడు సూక్ష్మజీవులు గ్యాస్ వదులుతాయి. ఆ బుడగలు ఆవిరి తగిలేదాకా పగలకుండా ఉండాలి. ఆ పని మినప్పప్పుది. అందులోని గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ బుడగ చుట్టూ పొరలా కమ్ముకుంటుంది. కానీ ప్రొటీన్ ఒక్కటే ఉంటే బుడగల మధ్య నీళ్లు కిందికి జారిపోయి నురుగు కూలిపోతుంది. అక్కడ పప్పులోని జిగురు ఆదుకుంటుంది. రుబ్బేటప్పుడు చేతికి సాగుతుందే, అదే. దాని పేరు అరబినోగెలాక్టాన్, చక్కెర అణువులు గొలుసులా అల్లుకున్న పాలిశాకరైడ్. పిండిని చిక్కగా ఉంచి బుడగల్ని కాపాడుతుంది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1970ల్లోనే దీనిమీద పరిశోధన చేశారు. నేనేమో ఆ రెండింటినీ సగానికి సగం కోసేశా!

అప్పట్నుంచీ ప్యాకెట్ల వెనక చదవడం ఓ జబ్బైపోయింది. చాక్లెట్ పాల మీద 407 అని కనిపిస్తే ఇదివరకు ఏదో కెమికల్ అని హడలిపోయేదాన్ని. అది క్యారగీనన్, సముద్రపు నాచు నుంచి తీసే పాలిశాకరైడ్. పాలలోని కేసీన్ ప్రొటీన్‌తో కలిసి సన్నని వలలా అల్లుకుని, కోకో పొడి అడుక్కి దిగకుండా ఆపుతుంది. ఇక్కడా అదే జంట.

నిన్న మళ్లీ రుబ్బా. ఈసారి ఒకటికి రెండు కొలత. అమ్మ పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుని, చల్లనీళ్లు కొంచెం కొంచెంగా పోయించింది. మధ్యలో గిన్నెడు నీళ్లు తెమ్మని, రుబ్బిన పప్పు చిన్న ముద్ద అందులో వేసింది. తేలింది.

"ఇక ఆపెయ్" అంది.

ఇవాళ పొద్దున నాలుగో ఇడ్లీ తనే అడిగి వేయించుకుంది. పచ్చడిలో మాత్రం ఉప్పెక్కువైందట.