కారు కొనేవాళ్ళని ముందు అడగాల్సిన ప్రశ్న

సంపాదకుడు గారికి,


ఇంటిల్లిపాదికీ సరిపడే కార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన రెండు పేజీలు శ్రద్ధగా చదివాను. ఒక్కో మోడల్‌కి ఎదురుగా పెట్రోలు మైలేజీ ఒక గడిలో, డీజిల్ మైలేజీ ఒక గడిలో ఇచ్చారు. డీజిల్ గడిలో అంకె ప్రతిచోటా పెద్దదే. ఆ అంకె చూసి కారు ఎంచుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. మేమూ దాన్ని చూసే ఎంచుకున్నాం. పొరపాటు చేశాం. ఈ కారు ఏడాదికి ఎంత తిరుగుతుంది, తీసిన ప్రతిసారీ ఎంతసేపు నడుస్తుంది అనే ప్రశ్న మీ పేజీల్లో లేదు. అమ్మేవాళ్ళ నోటా రావడం లేదు. ఆ ప్రశ్న అడగకుండా ఎవరికీ డీజిల్ కారు అమ్మకూడదని నా వాదన.

నేను ఏలూరులో లెక్కల టీచర్ని. 2021 దసరాకి కారు కొన్నాం. షోరూంలో మమ్మల్ని అడిగినవి మూడే: ఏ రంగు, ఎంత లోను, డెలివరీ ఏ రోజుకి కావాలి. పెట్రోలా డీజిలా అన్న దగ్గర మాత్రం ఆ అబ్బాయి మా తరఫున తనే తేల్చేశాడు. "ఫ్యామిలీ కారు కదా మేడం, డీజిల్ తీసుకోండి, మైలేజీ బాగుంటుంది" అన్నాడు. మావారికీ ఆ మాట సబబుగానే తోచింది. అదే మోడల్ పెట్రోలు కారు కన్నా డీజిల్‌ది అన్నీ కలిపి లక్షా ముప్ఫై వేలు ఎక్కువ. మైలేజీలో వచ్చేస్తుందిలే అనుకున్నాం.

మా కారు తిరిగే దారి చెప్తాను. పొద్దున పవర్‌పేటలో బయల్దేరి అమ్మాయిని కాలేజీ దగ్గర, నన్ను స్కూలు దగ్గర దింపి మావారు ఆఫీసుకి వెళ్తారు. అంతా కలిపి ఐదారు కిలోమీటర్లు. ఆ దూరంలోనే రైల్వే గేటు, సంత, ఆటోలు. సాయంత్రం మళ్ళీ అంతే. నెలకోసారి ద్వారకా తిరుమల, పండక్కి రాజమహేంద్రవరం. మూడేళ్ళు నిండేసరికి మీటరు మీద 17,400 కిలోమీటర్లు కనిపించాయి.

రెండో ఏడాదిలోనే డాష్‌బోర్డు మీద పసుపురంగు లైటు వెలగడం మొదలైంది. కొన్నాళ్ళకు పికప్ పడిపోయింది. ఎంత తొక్కినా బండి ముందుకి పోదు. పొగగొట్టం దారిలోని ఫిల్టరు మసితో నిండిపోయిందని సర్వీసు సెంటర్లో చెప్పారు. అలాంటిదొకటి ఉందని మాకు అప్పుడే తెలిసింది. కొన్నరోజు ఇచ్చిన పుస్తకంలో ఇంగ్లీషులో ఉందట. నోటితో చెప్పినవాళ్ళు లేరు.

ఇది అందరికీ తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వతో మంట పుడుతుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని దాదాపు పదహారో వంతుకు నొక్కితే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే దానికి తక్కువ వేగంలోనూ లాగే బలం ఎక్కువ, లీటరుకి వచ్చే దూరం ఎక్కువ. అయితే ఆ మంటలో మసి కూడా ఎక్కువే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక ఆ మసి బయటికి పోకుండా డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో వడపోత పెడుతున్నారు. దాన్నే డీపీఎఫ్ అంటారు. అందులో మసి పేరుకున్నాక కారే ఎక్కువ డీజిల్ పంపి, పొగ వేడిని 600 డిగ్రీల దాకా పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. అందుకు కారు పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి. మా దారిలో అది ఏనాడూ కుదరదు. కాల్చడం మొదలయ్యే వేళకి మావారు ఆఫీసు దగ్గర తాళం తీసేస్తారు. సగంలో ఆగిన ప్రతిసారీ కాలకుండా మిగిలిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు పలచబడితే ఇంజన్‌కే చేటు.

అంటే డీజిల్ కారు చెడ్డదా? కాదు. మా తమ్ముడిది రాజమహేంద్రవరం, పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం. రోజుకి 120 కిలోమీటర్లకు తగ్గకుండా తిరుగుతాడు. జగ్గంపేట, తుని, వారంలో ఒకరోజు రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు రోడ్డు. వాడిదీ డీజిలే. ఆ ఫిల్టరు లైటు ఎలా ఉంటుందో కూడా వాడికి తెలియదు. నిండా మనుషులు, డిక్కీలో సామాను వేసుకుని ఘాటు ఎక్కేటప్పుడు ఆ ఇంజన్ లాగే తీరు నేను కళ్ళారా చూశాను. వాడికి పెట్రోలు కారు అమ్మితే అదీ అన్యాయమే.

లెక్క చూడండి. సులువు కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 అనుకుందాం. టౌన్లో మా డీజిల్ కారు లీటరుకి 16 ఇస్తుంది. అదే మోడల్ పెట్రోలు కారు ఉన్న మా స్కూలు టీచరుకి 13 వస్తోంది. కిలోమీటరుకి ఆవిడకు 8 రూపాయల 46 పైసలు, మాకు 6 రూపాయల 13 పైసలు. తేడా 2 రూపాయల 33 పైసలు. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు తిరిగితే మాకు మిగిలేది దాదాపు 14,000. మొదట ఎక్కువ పెట్టిన లక్షా ముప్ఫై వేలు వెనక్కి రావడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. అందులో లోను వడ్డీ కలపలేదు. తమ్ముడు ఏడాదికి 36,000 కిలోమీటర్లు తిరుగుతాడు, అదీ ఎక్కువ హైవే మీద. అక్కడ పెట్రోలుకి 16, డీజిల్‌కి 21 వేసుకున్నా ఏడాదికి 79,000 పైన మిగులుతుంది. వాడికి ఇరవై నెలల్లో డబ్బు తిరిగొచ్చేసింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర. మారింది తిరిగే దూరం, తిరిగే దారి మాత్రమే. తొమ్మిదో తరగతి పిల్లలకి ఇదే లెక్క బోర్డు మీద వేస్తే పది నిమిషాల్లో చేశారు. షోరూంలో ఆ పది నిమిషాలు మాకెవరూ ఇవ్వలేదు.

ఫిల్టరు శుభ్రం చేసి ఆయిలు మార్చినందుకు మొదటిసారి 9,000 అయింది. మళ్ళీ అలా కాకుండా ఉండాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఆపకుండా తోలమన్నారు. అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున్నే మావారు హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి వస్తున్నారు. అక్కడ మాకు పనేమీ లేదు. రానూపోనూ యాభై కిలోమీటర్లు, రెండున్నర లీటర్ల డీజిల్, కలపర్రు టోల్‌గేటు దగ్గర టోలు. ఏడాదిలో మిగులుతుందన్న పద్నాలుగు వేలల్లో సగం పైనే ఈ ప్రయాణాలకు పోతోంది.

అసలు నన్ను ఈ లేఖ రాయించింది ఆ ఖర్చు కూడా కాదు. ఒక మెకానిక్ ఇచ్చిన సలహా. "ఫిల్టరు కోసి తీసేసి, కంప్యూటర్లో సెట్టింగు మార్చేస్తాను మేడం, ఇక లైటు వెలగదు, చాలామందికి చేశాను" అన్నాడు. బండి తయారైనప్పటి తీరును అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు. చట్టం అలా ఉంచి, ఆ మసి ఎటు పోతుంది? మా స్కూలు దారిలో సైకిళ్ళ మీద వచ్చే పిల్లల ముక్కుల్లోకి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మేం ఒప్పుకోలేదు. కానీ నెలనెలా లోను కట్టుకుంటూ, రిపేరు బిల్లులతో విసిగిపోయిన మనిషి ఒప్పుకుంటే ఆశ్చర్యమేముంది? తగని చేతికి డీజిల్ కారు అమ్మితే ఆ నష్టం కొన్న ఇంటితో ఆగదు.

డీజిల్ అంటే చవక అన్న నమ్మకం మన ఇళ్ళలో ఊరికే పుట్టలేదు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం నియంత్రణ వదిలేసింది, డీజిల్ మీద ఉంచింది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గర ఉంది. లీటరుకి ముప్ఫై రూపాయల పైన తేడా ఉన్న ఆ రోజుల్లో మా బాబాయి టౌన్లో తిరగడానికే డీజిల్ కారు కొన్నాడు. ఆయన లెక్క అప్పటికి సరైనదే. 2013 జనవరి నుంచి డీజిల్ కొంచెం కొంచెంగా పెరిగింది, 2014 అక్టోబరులో దాని మీదా నియంత్రణ పోయింది. 2020 జూన్‌లో ఢిల్లీలో కొన్నాళ్ళు డీజిలే పెట్రోలు కన్నా ఎక్కువ పలికింది. బీఎస్-6 వచ్చిన వేళ మారుతి సుజుకీ డీజిల్ కార్లు చేయడమే మానేసింది. ఇంత జరిగినా బాబాయి నాటి మాటే పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెల్లుబాటవుతోంది.

పెట్రోలుకి ఇబ్బందులు లేవని అనను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత కారు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు అది ఈ పెట్రోలుకి తగినదో కాదో కనుక్కోవాలి. ఇన్ని చూసుకున్నా, రోజుకి పది పదిహేను కిలోమీటర్లు ముక్కలు ముక్కలుగా తిరిగే ఇంటికి నేను పెట్రోలే చెప్తాను.

నేను కోరేవి పెద్ద పనులు కావు. కారు కొటేషన్ కాగితం మీద ఎక్స్ షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, బీమా అన్నీ వేస్తారు. వాటి పైన ఏడాదికి తిరిగే దూరం ఎంత, రోజూ ఒక్కో ప్రయాణం ఎంతసేపు అని రెండు గళ్ళు ఉండాలి. కొనేవాళ్ళు చెప్పింది రాయించి, డీజిల్ అయితే ఫిల్టరు సంగతి తెలుగులో చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. కొనే వస్తువు గురించి తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిందే. మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. వచ్చేసారి కార్ల పేజీలు వేసినప్పుడు మైలేజీ గడి పక్కన, ఆ డీజిల్ కారుకి ఎక్కువ పెట్టిన డబ్బు ఎన్ని కిలోమీటర్లకు తిరిగొస్తుందో ఆ అంకె కూడా వేయండి.

మా స్కూల్లో కొత్తగా చేరిన ఒక టీచరు వచ్చే నెల కారు కొంటోంది. వారం రోజుల పాటు తను, తన భర్త ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో ఒక నోటుబుక్కులో రాయమన్నాను. నిన్నటికి నాలుగు రోజులు రాసింది. మొత్తం 46 కిలోమీటర్లు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
ఏలూరు