మెడలోని మెతుకంత గ్రంథి



మన యిండ్లలో నొక యాచారము పాతుకొని యున్నది. ఇంటి యజమానికి జ్వరము తగిలిన పూటనే వైద్యునికి కబురు పోవును. ఇల్లాలు నడుము నొప్పి యన్నచో పనివలన ననియు, మోకాళ్లు పీకుచున్న వన్నచో వయసువలన ననియు, మనసు నిలుకడగా లేదన్నచో సంసారపు చింతలవలన ననియు తానే సమాధానము చెప్పుకొని మరల పొయ్యి కడకు పోవును. ఈ మూడు సమాధానముల చాటున సంవత్సరముల తరబడి దాగియుండగల వ్యాధి యొకటి కలదు. దానికి హైపర్ పారాథైరాయిడిజమ్ అని పేరు. పేరు పెద్దదే గాని, దానికి మూలమైన గ్రంథి మాత్రము అన్నపు మెతుకంత.

మెడ ముందుభాగమున థైరాయిడ్ గ్రంథి యుండునని పెక్కుమంది యెఱుగుదురు. దాని వెనుక నంటుకొని సాధారణముగా నాలుగు చిన్న గ్రంథు లుండును. ఇవియే పారాథైరాయిడ్ గ్రంథులు. పేర్లు కలిసినను పనులు వేరు. కావున థైరాయిడు పరీక్ష సరిగా నున్నంత మాత్రమున వీనికి దోషము లేదనరాదు. రక్తములోని కాల్షియమును తగిన పాళములో నుంచుట వీని యుద్యోగము. అది తగ్గినచో నివి తమ హార్మోనును విడిచి, ఎముకల నుండి కొంత తెప్పించును. మూత్రమున బోవుదానిని కొంత నిలుపును. హెచ్చినచో తామే యూరకుండును. పొదుపెఱిగిన గృహిణి గాదెలోని ధాన్యము వాడుకొను విధమే యిది.

ఈ నాలుగింటిలో నొకటి గడ్డయై పెరిగి, ఎవరి మాటయు వినక హార్మోనును కుమ్మరించుట కలదు. అప్పుడు ఎముకల గాదె ఖాళీ యగును. రక్తమున కాల్షియము హెచ్చును. మూత్రపిండములలో రాళ్లు పుట్టును. దాహము, మలబద్ధము, కడుపునొప్పి, నీరసము, మఱపు, దిగులు వెంట వచ్చును. పురుషులకంటె స్త్రీలలో, అందును ముట్లుడిగిన తరువాత, ఈ వ్యాధి యెక్కువ.

మేము నివసించు కొండాపురము హైదరాబాదు నగరములో గలిసిన కొండాపురము గాదు. ఇది సంగారెడ్డి జిల్లాలోనిది. శాతవాహనుల నాటి దిబ్బయు, పురావస్తు ప్రదర్శనశాలయు గల యూరు. ఈ ప్రాంతపు స్త్రీలు పెక్కురు సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగారములకు ప్రొద్దుటనే బస్సెక్కి పోయి, దినమంతయు నిలువుకాళ్లపై పని చేసి వత్తురు. వారి యెముకలు నొచ్చినచో పని యొక కారణము. కాదన్నచో నీళ్లలోని ఫ్లోరైడు రెండవ కారణము. ఫ్లోరైడు మాట యబద్ధము గాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఆ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. నల్లగొండ సీమ దుఃఖ మందఱెఱిగినదే. కాని ప్రతి యెముక నొప్పిని నీళ్లకు గట్టి యూరకుండుట తగదు.

మా పెద్ద యేరాలి కేబదినాలుగేండ్లు. అయిదేండ్లలో రెండుసార్లు మూత్రపిండములలో రాళ్లు వచ్చినవి. చాకిరేవు కడ కాలుజారి చేయి యూనినంతనే మణికట్టు విఱిగినది. రాళ్లకు వెళ్లిన చోట రాళ్లను జూచిరి. ఎముకకు వెళ్లిన చోట ఎముకను జూచిరి. ఒక యాసుపత్రిలో ఎముకలు బలహీనముగా నున్నవని కాల్షియము బిళ్లలు కూడ వ్రాసియిచ్చిరి. మా వారు బడిపిల్లల మార్కుల పట్టికలు వ్రాయు నలవాటున, ఆమె పాత చీట్లన్నియు తేదీల వరుసను పేర్చి చూచిరి. నాలుగేండ్లలో మూడుసార్లు రక్తపరీక్ష జరిగినది. మూడింటను కాల్షియము 11 దాటినది. చీటీ ప్రక్కనే 8.5 మొదలు 10.5 వఱకు సహజమని యచ్చు వేసియున్నను, మూడు చీట్ల నొక్కచోట నుంచి చూచినవారు లేకపోయిరి.

ఇక నిర్ధారణ యెట్లో చెప్పెదము. కాల్షియమును, పారాథైరాయిడ్ హార్మోనును ఒకే రక్తమున కొలువవలెను. మఱియొక దినమున మరల కొలిచి రూఢి చేసికొనవలెను. ఇచ్చట నొక మెలిక యున్నది. కాల్షియము హెచ్చిన రక్తములో ఈ హార్మోను బాగుగా తగ్గియుండవలెను. అట్లు తగ్గక, చీటీపై "నార్మల్" అని పడినను అది నార్మల్ గాదు. దొంగ యింట దూరినప్పుడు కావలివాడు నిదురించుట వంటిది. వెంటనే విటమిన్ డి, భాస్వరము, మూత్రపిండముల పనితనము, ఇరువదినాలుగు గంటల మూత్రములోని కాల్షియము కూడ చూడవలెను. విటమిన్ డి లోపము వలన గూడ ఈ హార్మోను హెచ్చును. కాల్షియము హెచ్చక హార్మోను మాత్రమే హెచ్చినచో ముందుగా నా లోపమును దీర్పవలెను గాని కత్తి మాట యెత్తరాదు. కొన్ని కుటుంబములలో వంశానుగతముగ కాల్షియము హెచ్చియుండి మూత్రమున తక్కువగా బోవును. వారికి శస్త్రచికిత్స వలన ప్రయోజనము లేదు. లిథియము, కొన్ని రక్తపోటు మాత్రలు గూడ కాల్షియమును హెచ్చించును; కావున వాడు మందులన్నియు వైద్యునికి జెప్పవలెను.

మా యేరాలికి రక్తపరీక్షలన్నియు నొకే మాట చెప్పినవి. అటుపై మెడకు అల్ట్రాసౌండును, సెస్టామిబి స్కానును దీసిరి. రెండింటను గ్రంథి కనబడలేదు. ఒక శస్త్రవైద్యుడు, స్కానులో లేదు గనుక వ్యాధియే లేదనెను. మఱియొకరు, వ్యాధి యున్నది గనుక వెదకి తీయవలె ననెను. ఇంటిల్లిపాదియు మొదటి మాటనే నమ్మగోరిరి; అది సుఖమైన మాట గదా!

మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద రామాయణము చదువుకొన్నవారము. తూర్పు, పడమర, ఉత్తర దిక్కులకు బోయిన వానరులు సీత కనబడలేదని తిరిగి వచ్చిరి. అంతమాత్రమున సీతాపహరణమే జరుగలేదని సుగ్రీవు డనుకొనెనా? అపహరణ మెఱిగిన పిమ్మటనే యన్వేషణము. ఈ వ్యాధి యున్నదో లేదో చెప్పునది రక్తము. ఎచ్చట నున్నదో చూపుటకు సాయపడునది స్కాను. రెండవది విఫలమైనచో మొదటిది యబద్ధము గాదు. ఈ యొక్క మాట గుర్తున్న చాలును.

చరిత్రయు దీనినే చెప్పుచున్నది. 1925లో వియెన్నా నగరమున మాండ్ల్ అను శస్త్రవైద్యుడు, ఎముకలు కరగి నడువలేని యొక ట్రాము కండక్టరు మెడనుండి ఇట్టి గడ్డను మొదటిసారి తీసి యాతని నడిపించెను. ఆ యేడే అమెరికాలోని బోస్టనులో, మన భీమవరమున బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కె అను నాచార్యునితో గూడి రక్తమూత్రములలో భాస్వరమును గొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఈ వ్యాధిలో కాల్షియము హెచ్చుటయే గాక భాస్వరము తగ్గుటయు నొక గుర్తు. మఱుసటి యేట నా బోస్టనులోనే మార్టెల్ అను నోడ కప్తానుకు మెడలో వెదకిరి, దొరకలేదు. ఆతనికి మొత్తము ఏడు శస్త్రచికిత్సలు జరిగినవి. తుదకు 1932లో ఏడవసారి, మెడలో గాక ఱొమ్ములోపల ఆ గడ్డ దొరకినది. అప్పటికే శరీరము శిథిలమై యుండుటచే నాతడు కొద్ది వారములకే మూత్రనాళపు రాతి బాధతో గతించెను. గ్రంథి లేకపోలేదు; చూచిన చోట లేదు.

మా యేరాలి సంకోచమునకు వేఱొక కారణముండెను. బతుకమ్మ నాడు పాట నెత్తుకొనునది యామె; తక్కినవారు అందుకొందురు. మెడపై కత్తి పడినచో గొంతు పోవునేమో యని యామె భయము. అది యవివేకము గాదు. స్వరమునకు బోవు నాడి యా గ్రంథుల చెంతనే సాగును. అందుచేతనే మేము రెండవ వైద్యుని మూడు ప్రశ్న లడిగితిమి: ఏటికి ఇట్టి శస్త్రచికిత్సలు మీ రెన్ని చేయుదురు? మీ చేతిలో నెందఱికి గొంతు చెడినది? గ్రంథి దొరకనిచో నేమి చేయుదురు? ఆయన విసుగుకొనక మూడింటికిని అంకెలతో జవాబిచ్చెను. అంతట నామె తానుగా సరే యనెను.

థైరాయిడు ఎడమ పాలున వెనుక, చింతగింజంత గడ్డ దొరకినది. దానిని దీసిన పది నిమిషములకే రక్తములో హార్మోను సగమునకు దిగినది. మూడవనాడు వ్రేళ్లును పెదవులును తిమ్మిరెక్కినవి. ఆకలిగొన్న యెముకలు కాల్షియమును లాగికొనుట వలన నట్లగునని చెప్పి మందు లిచ్చిరి. గొంతు రెండు వారములు బొంగురుపోయి తేరుకొనెను. నీరసము పూర్తిగా పోలేదు; రాళ్లు మాత్రము మరల రాలేదు. మెడపై గీత నల్లపూసల క్రింద దాగినది.

సోదరీమణు లీ క్రింది మాటలు మనసున నుంచుకొందురు గాక. రాళ్లు రెండవసారి వచ్చినను, చిన్న దెబ్బకే యెముక విఱిగినను, కాల్షియము పరీక్ష యడుగుడు. అది హెచ్చియున్నచో మీ యంతట మీరు కాల్షియము బిళ్లలు మ్రింగకుడు. నీరు తగినంత త్రాగుడు. పాలు పెరుగులు మాత్రము పూర్తిగా మానకుడు. బాధ లేకున్నను, ఏబదేండ్ల లోపువారికిని, కాల్షియము సహజపు టెల్లకంటె ఒక మిల్లీగ్రాము మించినవారికిని, ఎముకలు గుల్లయైనవారికిని, మూత్రపిండములు చెడినవారికిని శస్త్రచికిత్సయే తగునని నేటి వైద్యుల మతము. కొందఱికి కనిపెట్టుకొని యుండుటయు చాలును. ముందుగా హార్మోను వ్యాధుల వైద్యుని, పిదప నీ గ్రంథులపై చేయి తిరిగిన శస్త్రవైద్యుని చూడుడు. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో హార్మోను గ్రంథులకు ప్రత్యేక శస్త్రవిభాగము గలదు.

రెండవ వైద్యుని సలహా గోరుట మొదటివాని నవమానించుట గాదు. పిల్ల పెండ్లికి పది సంబంధములు విచారించు మనము, ఇల్లాలి మెడపై కత్తి పెట్టుటకో మానుటకో రెండు తలుపులైనను తట్టవలదా? పాత చీట్లను పాఱవేయకుడు. తేదీ వరుసను ఒక సంచిలో నుంచుడు. మీ బాధను మీరు నోటితో చెప్పుకొనలేని నాడు అవియే మీ పక్షమున మాటలాడును.