మిథున్‌ను నిలిపేది ఊరి అడవే

దేశంలో మిథున్ పశువులు పెరిగాయన్న మాట నిజమే కానీ, ఆ నిజం చాటున నాగాలాండ్ నష్టం కనిపించకుండా పోతోంది. 2019 పశుగణనలో దేశం మొత్తమ్మీద అవి 3.86 లక్షలు, 2012 నాటికంటే దాదాపు 30 శాతం ఎక్కువ. అందులో 3.5 లక్షలు ఒక్క అరుణాచల్ ప్రదేశ్‌లోనివే. మిథున్‌ను రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్న నాగాలాండ్‌లో మాత్రం ఆ ఏడేళ్లలోనే సుమారు 35 వేల నుంచి 23 వేలకు పడిపోయాయి. మందలో మూడో వంతు పోయాక కూడా జాతీయ సగటు చూసి ఊరట పొందడం తగదు.

మిథున్ కొట్టంలో కట్టేసే పశువు కాదు. రేయింబవళ్లు కొండ అడవిలోనే తిరుగుతుంది. యజమాని పెట్టే ఉప్పు కోసం మనుషుల దగ్గరికి వస్తుంది. సంప్రదాయంగా దాన్ని దుక్కికి కట్టరు, పాలు పిండరు. మాంసానికి, పెళ్లి కానుకగా, ఊరి విందుకు పెంచుతారు. మేతంతా అడవిదే కనుక అడవి తరిగితే మంద పొలాల మీద పడుతుంది. పంట పోయిన రైతుకూ పశువు యజమానికీ తగాదా ముదిరితే, చివరకు పశువును అమ్ముకోవడమే దారి అవుతుంది. దీనికి గాలికుంటు తోడైతే చెప్పేదేముంది? మిగిలిన చిన్న మందలు ఎక్కడికక్కడ విడిపోయి, దగ్గరి రక్తంలోనే ఈనుతూ బలహీనపడతాయి.

కోసి తినే జంతువుకు సంరక్షణేమిటని కొందరి ప్రశ్న. తరతరాలుగా దాన్ని కాపాడింది తినేవాళ్లే. పెంపకందారుకు ప్రయోజనం లేని రోజున మంద మిగలదు. 2023లో దానికి ఆహార జంతువుగా లభించిన గుర్తింపు అందుకే మేలైనది. అడవి మీద ఆధారం తగ్గించి కంచెల్లో పెంచితే సరిపోదా అన్నది ఇంకాస్త బరువైన వాదన. మెడ్జిఫెమాలోని జాతీయ మిథున్ పరిశోధన కేంద్రం ఆ దిశగా చేస్తున్న కృషి విలువైనదే. టీకాలు, మేలైన ఆబోతులు అక్కడి నుంచే ఊళ్లకు చేరాలి. కానీ మేత కొని పెంచే స్తోమత కొండ రైతుల్లో ఎందరికుంది? అడవిని వదులుకుని పశువును దక్కించుకోవడం కుదరని పని. 371(ఎ) అధికరణం రక్షణలో నాగాలాండ్ అడవుల్లో అత్యధిక భాగం ఊళ్ల చేతిలో, వంశాల చేతిలో ఉంది. అక్కడ అటవీ శాఖ ఉత్తర్వులతో సాగేది తక్కువ. కాబట్టి నిధులు నేరుగా గ్రామ మండళ్లకు ఇవ్వాలి. మేత అడవి హద్దు తేల్చడం, ఉమ్మడి కంచె వేయడం, పంట పోయిన రైతుకు ఆ కారులోనే పరిహారం అందించడం వాటికే అప్పగించాలి.